ఎండబెట్టిన పాట

పోయిన నెల మా మనవరాలు, అంటే నా బిడ్డ కూతురు, దుండిగల్ కాలేజీలో చదువుకునే పిల్ల, తన పుట్టినరోజని నన్ను తూంకుంట దగ్గర కరీంనగర్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన కాఫీ హోటలుకు తీసుకుపోయింది. లోపల అడుగు పెట్టగానే ఎదురుగా గోడ నిండా నల్లని గ్రామఫోను రికార్డులు కనిపించాయి. ఒక్కొక్కదాని నడిమి బొక్కలో మేకు దిగగొట్టి, చుట్టూ రంగురంగుల చిన్న దీపాలు అల్లి, అందానికి వేలాడదీశారు. వంటింటి పొగ, నూనె జిడ్డు వాటి మీద అట్టకట్టి ఉన్నాయి. వాటి ముందు నిలబడితే ఫోటో బాగా వస్తుందని పిల్ల అన్నది. నేను నిలబడలేదు. దగ్గరికి పోయి ఒక రికార్డు నడిమి కాగితం మీది అక్షరాలు కూడబలుక్కున్నాను. యాభై దాటాక మహిళా సంఘం వాళ్ల బడిలో తెలుగు అక్షరాలు దిద్దుకుని, ఆ తరువాత ఈ మనవరాలి ఒకటో తరగతి పుస్తకంతో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి, జాజ్ అనే మాట వరకు మాత్రం తడబడకుండా చదవగలిగాను. ఆ రోజు కేకు నేను ముట్టలేదు. ఒంట్లో బాగాలేదేమోనని పిల్ల పరేషాన్ అయితే, ఎండకు తిరిగి వచ్చాను కదా అదే అయి ఉంటుందని సర్దిచెప్పాను.

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టుకునే వాళ్ల ఇంట పుట్టిన ఆడదానికి జాజ్ ఏమిటని మీరు అడగవచ్చు. నా ఈడు వాళ్లు కాబట్టి మీకు ఓపిక ఉంటుందన్న ధైర్యంతో చెబుతున్నాను.

దేవరయాంజాల్ శివారు మామిడితోటలో ఒక సారు ఉండేవారు. సికింద్రాబాదులో ఇంజినీరుగా పనిచేసి, భార్య పోయాక ఊరికి దూరంగా ఒక ఇల్లు కట్టుకుని వచ్చిన మనిషి. పదకొండేళ్లు నేను ఆ ఇంట్లో వంట, ఊడ్పు, తుడుపు చూసుకున్నాను. ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గది సారు పడుకునేది కాదు, రికార్డులు ఉండేది. నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, అరల నిండా నిలువుగా పేర్చిన అట్టలు. పనిలో చేరిన మొదటి రోజే సారు నాకు ఒక పాఠం చెప్పారు. రికార్డు ముఖాన్ని వేళ్లతో తాకరాదు, పొయ్యి మీది గిన్నెను దించినట్టు రెండు అంచులే పట్టుకోవాలి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడవాలి, అడ్డంగా తుడవరాదు. నాకు చదువు రాదు కాబట్టి ఒక్కోదాన్ని అట్ట మీది బొమ్మతో గుర్తుపెట్టుకున్నాను. బుగ్గలు ఉబ్బించుకున్న మనిషి, కళ్లు మూసుకుని పాడే లావుపాటి ఆమె, వానలో తడిసిన వీధి, ఖాళీ కుర్చీ. సారు నోటితో బొమ్మ చెబితే నేను అరలోంచి తీసేదాన్ని. రెండేళ్లు తిరిగేసరికి ఆయన చెప్పవలసిన పని కూడా లేకపోయింది. మబ్బు పట్టిన పూట ఏది వింటారో, సికింద్రాబాదు పోయి చిరాకుగా తిరిగొచ్చిన పూట ఏది వింటారో నాకు తెలిసిపోయింది.

మొదట్లో ఆ సంగీతం నాకు మెట్ల మీంచి బోళ్లు దొర్లినట్టు వినిపించేది. ఒక వానాకాలం సాయంత్రం బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నప్పుడు మొదటిసారి నా చేయి ఆగిపోయింది. లోపల ఎవరో ట్రంపెట్ ఊదుతున్నారు. ఆ ఊదేది నాకు తెలిసిన పనే. మా ఆయన మేడ్చల్‌లో ఒక పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు, దాన్ని వాళ్లు బాకా అనేవాళ్లు. పెళ్లికొడుకు బరాత్ ఊరేగుతూ పెళ్లికూతురి గడప ముందుకు వచ్చాక ఆడపిల్లవాళ్లు హారతి పట్టుకుని వెంటనే బయటికి రారు. పళ్లెం దొరకదు, పెద్దమ్మ చీర మార్చుకుంటూ ఉంటుంది, ఎవరో అలిగి ఉంటారు. అందాకా బ్యాండు ఆగరాదు, ఆగితే అపశకునం. ఉన్నది ఒక్క పాట, నిలబడవలసింది అరగంట. అప్పుడు మా ఆయన ఆ ఒక్క పాటనే పట్టుకుని సాగదీసేవాడు, వంచేవాడు, దాన్ని విడిచి ఎక్కడికో పోయి, ఇక తప్పిపోయాడని అందరూ అనుకునే సమయానికి చక్కగా దారిలోకి వచ్చి కలిసేవాడు. సారు రికార్డులో ఉన్న నల్లజాతి ఆయన చేస్తున్నదీ అదే. ఆయన ఏ గడప ముందు నిలబడి ఎవరి హారతి కోసం ఎదురుచూస్తున్నాడో నాకు తెలియదు కానీ, ఎదురుచూస్తున్నాడని మాత్రం తెలిసింది. జాజ్ అంటే అదేనని ఆ పూట అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటాను.

ఆ మాట సారుతో అంటే మర్యాదగా నవ్వి ఊరుకున్నారు. తరువాత మా ఆయన బ్యాండు వాయిస్తున్న ఒక పెళ్లి బరాత్ సారు తోట గేటు ముందు నుంచే పోయినప్పుడు, అన్నం ముందు కూర్చున్న మనిషి చేయి కూడా కడగకుండా, చెప్పులు లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తారు. పెళ్లివారి గడప దాకా ఆ బరాత్ వెంట నడిచారు. తిరిగి వచ్చి, ఆదివారం మీ ఆయనను తీసుకురమ్మన్నారు. అప్పటినుంచి మా ఆయనను ఉస్తాద్ అని పిలిచేవారు. ఎర్ర కోటు, తోక టోపీ వేసుకుని అందరి పెళ్లిళ్లలో అందరికన్నా చివర తినే మనిషిని ఆ పేరుతో పిలిచినవారు ఆ ఊళ్లల్లో ఇంకెవరూ లేరు.

ఆదివారాలు అలా మొదలయ్యాయి. సారు స్నేహితులు ఇద్దరు సికింద్రాబాదు నుంచి వచ్చేవారు. ఒకరికి గిటారు వచ్చు, ఇంకొకరు మనిషెత్తు ఫిడేలు లాంటిదాన్ని కారు మీద కట్టి తెచ్చి నిలబడి మీటేవారు. బ్యాండులో డ్రమ్ము కొట్టే మా మరిది కూడా మా ఆయన వెంట వచ్చేవాడు. వరండాలో రెండు మూడు గంటలు వాయించేవాళ్లు. నేను వంటింటి గడపలో కూర్చుని వినేదాన్ని.

మరి కొందరు స్నేహితులు కూడా వచ్చేవారు, వాళ్లు వాయించేవాళ్లు కాదు, రికార్డులు కూడబెట్టేవాళ్లు. వాళ్ల మీద నాకు మంచి అభిప్రాయం లేదని చెప్పడానికి ఇప్పుడు భయమేముంది. రికార్డు చేతికి రాగానే వాళ్లు ముందు అట్ట వెనక్కి తిప్పి చూసేవారు. ఏ ఊళ్లో అచ్చయింది, మొదటి అచ్చా రెండవదా, గీత పడిందా, మూల నలిగిందా, ఇదే కబురు. పాట నడుస్తుంటే దాని మీదనే మాట్లాడేవారు. గాదె నిండా గింజలు పోసి, బయట తాళం వేసి, ఆ తాళాన్ని చూసుకుని కడుపు నింపుకునేవాళ్ల లాగ తోచేవారు నాకు. మా సారు ఆ రకం కాదు. రోజుకు ఒక్క వైపు మాత్రమే, సాయంత్రం చాయ్‌తో వినేవారు. అది అయిపోయాక చాయ్ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరూ మాట్లాడరాదని ఆయన నియమం. రికార్డు అంటే విన్నంతసేపే కాదు, విన్న తరువాత కాసేపు కూడా ఉంటుందని నేను అక్కడే నేర్చుకున్నాను.

మా ఆయనకు రికార్డులంటేనే చులకన. ఆ విషయం మీద సారుకూ ఆయనకూ ఎప్పుడూ వాదమే.

“రికార్డంటే ఏంది సారూ, ఎండబెట్టిన శాప. కరువుకు పనికొస్తది. చెర్ల నీళ్లున్నన్ని దినాలు దాన్నెవడు తింటడు?” అనేవాడు.

చెరువు ఎప్పుడూ నిండుగా ఉండదు, పచ్చి చేప రోజూ దొరకదు కదా ఉస్తాద్ అని సారు నవ్వేవారు. చచ్చిపోయినవాళ్ల ఊపిరి వినాలంటే మనకు ఇంకే దారి ఉందని అడిగేవారు. మా ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఒకసారి సికింద్రాబాదులో ఒక పెద్ద హాలులో విదేశాల నుంచి వచ్చిన జాజ్ బృందం కచేరీ ఉందని సారు మా ఇద్దరినీ కారులో తీసుకుపోయారు. నేను నా పెళ్లి పట్టుచీర కట్టుకుని వెనక వరసలో కూర్చున్నాను. అంత చల్లటి గది, అంత మెత్తటి కుర్చీలు అంతకు ముందు ఎరుగను. ట్రంపెట్ ఆయన పాటకూ పాటకూ నడుమ బాకాను కిందికి వంచి లోపల చేరిన నోటి నీళ్లు దులుపుకోవడం చూశాను. అచ్చం మా ఆయన దులిపినట్టే, మోకాలి పక్కకు, సిగ్గుపడుతున్నట్టు. అది ఏ రికార్డులోనూ వినిపించదు. కచేరీకి పోవలసింది అందుకేనని నా అభిప్రాయం. మా ఆయనకు మాత్రం ఆ కచేరీ నచ్చలేదు. వాయించినవాడు గొప్పవాడే కానీ, విన్నవాళ్లు చేతులు కట్టుకుని శవం దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నారన్నాడు. వినేటోడు కూసుంటే పాట గూడ కూసుంటది అన్నది ఆయన మాట. ఆయన లెక్కలో వింటున్నామని తెలియకుండా వినేవాళ్లే మంచి శ్రోతలు, బరాత్‌లో తోరణాలు సర్దుకుంటూ, పిల్లను చంకన వేసుకుంటూ వినేవాళ్లు. ఆ మాట నిజమా కాదా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఒక ఆదివారం మా ఆయన వరండాలో అప్పగింతల పాట ఎత్తుకున్నాడు. పిల్లను సాగనంపేటప్పుడు ప్రతి బ్యాండూ వాయించే మామూలు వరసే అది, దానికి పేరు కూడా లేదు. ఒక చుట్టు మామూలుగా వాయించి, ఆ తరువాత దాన్ని విడిచిపోయాడు. ఎక్కడికి పోయాడో నాకు ఇప్పుడు చెప్పడం చేతకాదు, ఈ కథంతా ఆ చేతకానితనం గురించే. గిటారు ఆయన వాయించడం ఆపేశారు. ఫిడేలు ఆయన కూడా ఆపేశారు. మా మరిది దరువు ఒక్కటే కింద నడుస్తూ ఉంది. నేను వంటింటి గడపలో పైట నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. మా పెళ్లయి అప్పటికి ఇరవై ఏళ్లు, ఈ మనిషి కడుపులో ఇంత ఉందని నాకు తెలియదు. తిరిగి వరసలో కలిసినప్పుడు ఆయన కళ్లు తెరిచి, ఎవరో అరిచినట్టు చుట్టూ చూశాడు.

సారు ఆ రోజు టేపు మిషను పెట్టి ఉంచారు. ఆ టేపును బొంబాయిలో స్టూడియోలో పనిచేసే స్నేహితుడికి పంపి, ఒకే ఒక్క రికార్డు చేయించి తెప్పించారు. టేపు తిరిగి రాలేదు, అప్పట్లో టేపులు ఖరీదు కాబట్టి దాని మీద ఇంకెవరిదో పాట ఎక్కించేసుకున్నారట. ఆ రికార్డు మిగతావాటిలాంటిది కాదు. లోపల సత్తు పళ్లెం, పైన నల్లటి పూత. ముల్లు పెట్టినప్పుడల్లా కొంచెం అరిగిపోతుందని, అందుకని ఏడాదికి ఒక్కసారి, దసరా తరువాత వచ్చే ఆదివారం మాత్రమే విందామని సారు అన్నారు. బొమ్మ లేని గోధుమరంగు అట్టలో దాన్ని పెట్టి, పై అరలో చివర ఉంచారు. రెండు దసరాలకు రెండుసార్లు విన్నాము. ఎండు శాప మంచిగనే ఉన్నది సారూ అని మా ఆయన వేళాకోళం చేశాడు కానీ, ఇంటికి వచ్చే దారంతా వేళ్లతో ఆ వరసనే వేసుకుంటూ నడిచాడు.

ఆ తరువాతి వేసవిలో, పెళ్లిళ్ల రోజులలో, ఒక బరాత్‌లో తాగి ఆడుతున్న ఎవరో చేయి విసిరితే అది ఊదుతున్న బాకాకు తగిలింది. మా ఆయన ముందటి పళ్లు రెండు ఊడిపోయాయి, పెదవి చీలిపోయింది. ఎవరి తప్పూ కాదు, పెళ్లి కదా. కుట్లు పడ్డాయి, పుండు మానింది, కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు. ఊదబోతే గాలి పక్కలనుంచి పోయేది. మూడు నెలలు చూసి బాకాను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. తూంకుంట వైపు ప్లాట్ల వెంచరు ఒకటి వేస్తుంటే అక్కడ వాచ్‌మన్‌గా చేరాడు. రాళ్లు పాతిన ఖాళీ భూమికి కాపలా. రికార్డు అంటే ఎండిన చేప అన్న మనిషి అప్పటినుంచి దసరా ఎప్పుడని అడగడం మొదలుపెట్టాడు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

ఆ ఏడు వానలు తెరిపి లేకుండా కురిశాయి. సారు ఇంటి గోడలు చెమ్మెక్కి, రికార్డుల గదిలో ముక్కవాసన పట్టింది. అట్టల మీద బూజు తేలింది. సారు కంటి ఆపరేషనుకని సికింద్రాబాదుకు పోయారు, నాలుగు రోజులు రారు. భాద్రపదం ఎండలు మొదలయ్యాయి. నేను అట్టలు ఒక్కొక్కటే తీసి చూసుకుంటూ వస్తే, ఆ గోధుమరంగు అట్టలోని రికార్డు మీద మిగతావేటికీ లేనంత తెల్లటి పొడి, ఉప్పు పేరినట్టు పేరి ఉంది. మా ఆయన పాటకు బూజు పట్టిందనుకున్నాను.

మా ఇళ్లల్లో తడిసిన దేనికైనా మందు ఒక్కటే. పప్పుకు పురుగు పడితే ఎండ, బొంతకు వాసన వస్తే ఎండ, చిన్నపిల్ల ఒళ్లు పచ్చబడితే ఎండ. చెరువు మీద పట్టిన చేపలు మిగిలితే మా అవ్వ ఉప్పు చల్లి బండ మీద పరిచేది, అవి మూడు నెలలు చెడిపోయేవి కావు. ఎండకు పెట్టింది చెడిపోతుందని నాకు పుట్టిన తరువాత ఎవ్వరూ చెప్పలేదు. నేను మిద్దె మీద ఉతికిన దుప్పటి పరిచి, బూజు పట్టిన రికార్డులు ఒక పాతిక ఏరి, అంచులు మాత్రమే పట్టుకుని, ఒకదానికొకటి తగలకుండా వరసగా పరిచాను. ఆ తెల్లపొడి రికార్డును మెత్తగా తుడిచి, ఎండ ఎక్కువసేపు నిలిచే చోటు చూసి, దానికి విడిగా ఒక దిండుగలేబు వేసి పెట్టాను. వడియాల మీదికి కాకులు రాకుండా చూసినట్టు అడపాదడపా పైకి వచ్చి చూసుకున్నాను కానీ, నల్లటివి కదా, పొద్దున ఏ మార్పూ కనబడలేదు. మధ్యాహ్నం సారు కోసం పడకగది కడగడంలో పడ్డాను.

మూడు గంటలకు పైకి పోయేసరికి రికార్డులన్నీ కాల్చిన అప్పడాల్లాగ వంకర్లు తిరిగి ఉన్నాయి. మా ఆయనది మాత్రం వంకర పోలేదు. దాని మీది నల్లటి పూత, చెరువు ఎండితే ఒండ్రు పగిలినట్టు నెర్రెలిచ్చి, పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. నేను అంచు పట్టుకుని ఎత్తగానే కొన్ని పెచ్చులు దుప్పటి మీద రాలాయి. వాటి సందుల్లో సత్తు పళ్లెం తెల్లగా మెరిసింది. ఆ పెచ్చులు అన్నీ ఏరి కొంగులో మూటగట్టుకున్నాను, ఏం చేద్దామని ఏరానో నాకు తెలియదు.

సారు వచ్చిన రోజు నేనే చెప్పాను. ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకుని ఉన్న మనిషి ఆ పళ్లేన్ని రెండో కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మా ఆయనకు చెప్పవద్దని సారు కాళ్లు పట్టుకున్నాను. ఊదే నోరు ఎట్లాగూ పోయింది, ఊదిన పాట కూడా నేనే పోగొట్టానని తెలిస్తే ఆయన బతకడని ఏడ్చాను. అబద్ధం ఆడడం చేతకాని సారు చివరికి, దానికి మరి నాలుగు ప్రతులు తీయించడానికి బొంబాయి పంపించానని చెబుదాములే అన్నారు.

ఆ దసరాకు మా ఆయన అడిగాడు. బొంబాయి పోయిందని చెప్పాను. మరుసటి దసరాకు మిషను చెడిపోయిందని చెప్పాను. ఆ పైసారి సారు స్నేహితుడికి ఆరోగ్యం బాగాలేదని చెప్పాను. ప్రతిసారీ సరేనని తల ఊపేవాడు. పైగా ఆ కబురు నలుగురికీ తనే చెప్పుకునేవాడు. కల్లు కాంపౌండులో మా మరిది నలుగురి ముందూ ఆయనను ఆటపట్టించేవాడు.

“ఏందే అన్నా, నీ ప్లేటు బొంబాయికెళ్లి నడుసుకుంట వస్తాందా?”

“నడుసుకుంట ఎందుకొస్తదిరా, బరాత్‌ల వస్తది. ముంగట డ్రమ్ము నువ్వే కొట్టాలె, రెడీగుండు” అనేవాడట మా ఆయన.

ఆ నవ్వులు మా మరిది ఇంటికి వచ్చి చెబుతుంటే నేను పొయ్యి వైపు తిరిగి కూర్చునేదాన్ని. పాట మాట వస్తే రికార్డు మాట వస్తుందని, ఇంట్లో నేను సంగీతం ఊసే ఎత్తడం మానేశాను. నా పనికి పోవడమే కానీ, ఆయన వెంట సారు ఇంటికి పోవడం తప్పించాను. రేడియోలో ట్రంపెట్ వినిపిస్తే స్టేషను మార్చేదాన్ని. ఆయన కూడా ఏమీ ఎత్తేవాడు కాదు. ఒకప్పుడు అన్నం తింటూ కంచం అంచు మీద వేళ్లతో కొత్త వరసలు వేసి చూపించిన మనిషి, గబగబా తిని లేచిపోయేవాడు. అలా మూడేళ్లు గడిచాయి. అప్పుడు ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. ఆయన పోయే ముందు వారం, సారు దగ్గరికి పోయి ఒకసారి గట్టిగా అడిగి వస్తానని నేను మళ్లీ అబద్ధానికి ఊతం పెట్టబోతే, నా చేయి పట్టుకున్నాడు.

“ఇగ సారును అడగకు. అది బొంబాయిల మంచిగున్నది. ఆడనే ఉండనియ్యి.”

దినాలు అయిపోయాక నేను తిరిగి పనికి పోయాను. సారు నన్ను కూర్చోమన్నారు, ఆ ఇంట్లో నేను కుర్చీలో కూర్చున్నది ఆ ఒక్క రోజే.

“ఉస్తాద్‌కు మొదటి ఏడే తెలుసమ్మా” అన్నారు.

ఆ మొదటి దసరా అయిన వారానికే మా ఆయన నేను లేని పూట చూసి వచ్చాడట. పై అర చివర గోధుమరంగు అట్ట అలాగే ఉండడం చూసి తనే దింపి, లోపలి పళ్లెం బయటికి తీశాడట. ఏమైందని సారును అడిగి, అంతా విని, చాలాసేపు ఆ పెచ్చుల మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడట. ఆ తరువాత సారు చేత ఒట్టు వేయించుకున్నాడు. అది తెల్వక చేసింది, నాకు తెల్సని దానికి తెలిస్తే అది బతకది సారూ అన్నాడట. నేను ఆయన గురించి అన్న మాటనే ఆయన నా గురించి అన్నాడు. మూడేళ్లు ఒక్క కప్పు కింద, నా కోసం ఆయనా ఆయన కోసం నేనూ ఆ బొంబాయి రికార్డును మోశాము.

ఇది విన్నవాళ్లు, ఎంత ప్రేమో అంటారు. నేను అలా అనుకోలేను. మొదట నాకు కోపమే వచ్చింది, ఆయన మీద, సారు మీద, అందరికన్నా ఎక్కువగా నా మీద. రికార్డు పోతే పోయింది, కానీ ఆ మూడేళ్లు మనిషి నా ఎదురుగానే ఉన్నాడు. ఊదే పళ్లు పోయాయి కానీ గొంతు పోలేదు. ఒక్కరోజు మేమిద్దరం ఆ పళ్లెం ముందు పెట్టుకుని ఏడిచి ఉంటే, ఆయన ఆ పాట నాకు నోటితో పాడి చూపించేవాడు. నేను నేర్చుకునేదాన్ని. మా అబద్ధం ఆ తలుపు మూసేసింది. ఎండ తీసుకున్నది ఒక పళ్లేన్ని, పాటను తీసుకున్నది మా మర్యాద.

సారు కూడా ఆ తరువాత కొన్నేళ్లకు పోయారు. బంధువులు వచ్చి తోట అమ్మారు, రికార్డులను వ్యానులో ఎవరో తీసుకుపోయారు. వాళ్లు అట్ట వెనకవైపు చూసేవాళ్లో, కళ్లు మూసుకుని వినేవాళ్లో, మేకు కొట్టేవాళ్లో తెలియదు.

కాఫీ హోటలు నుంచి వచ్చిన నాలుగో రోజు నేను బస్సెక్కి మేడ్చల్ పోయాను, మా మరిదిని చూడాలనిపించి. ఆయన ఇప్పుడు మంచం దిగడం లేదు. ఆయన కొడుకులు డీజే బండి నడుపుతారు, ఇంటి ముందు నిలువెత్తు పెట్టెలు టార్పాలిను కప్పి ఉన్నాయి. ఆ ఆదివారం వాయించిన అప్పగింతల పాట గుర్తుందా అని అడిగాను.

“దరువు యాదికున్నది వదినా. అన్న ఊదింది నాకేం తెలుసు, నేను చేతులు చూసుకుంటున్న” అన్నాడు.

మంచం పట్టె మీద రెండు చేతులతో దరువు వేశాడు. నేను అప్పగింతల వరస మెల్లగా ఎత్తుకున్నాను. మొదటి చుట్టు ఇద్దరికీ కుదిరింది. ఆ తరువాత మా ఆయన విడిచిపోయిన చోటికి వచ్చి నేను ఆగిపోయాను. మా మరిది ఆగలేదు. నా వైపు చూస్తూ దరువు వేస్తూనే ఉన్నాడు, ఒకచోట తగ్గించి, ఒకచోట చేయి మార్చి, ఎవరో ఊదుతుంటే వెనక నడిచినట్టు. చాలాసేపటికి తల ఊపాడు, ఇదిగో అన్న ఇక్కడ తిరిగి కలిశాడు అన్నట్టు, నేను మళ్లీ వరస అందుకున్నాను.

ఇప్పటి పిల్లల దగ్గర అన్నీ ఉంటాయి. మా మనవరాలి ఫోనులో దాని పుట్టినరోజు పాటలు ఏడేళ్లవి ఉన్నాయి, ఏది పోయినా ఇంకోచోట ఉంటుందని చెబుతుంది. మంచిదే, వాళ్లు ఎవరికీ అబద్ధం చెప్పవలసిన పని లేదు. మా రోజుల్లో ఒకదానికి ఒక్కటే ఉండేది, అది పోతే పోయిందని చెప్పుకునే ధైర్యం కూడా ఉండేది కాదు. నాకు మిగిలింది ఆ పాట ఎంతసేపు సాగిందో ఆ కొలత ఒక్కటే. మా మరిది చేతులు ఆడినంత కాలం అది కూడా ఉంటుంది.